అరవై యేండ్ల డాబా ఇల్లు



గోదావరిఖని నుండి ఒక సహోదరి ఉత్తరం వ్రాశారు. ఆమె భర్త త్వరలో సర్వీసు దిగిపోతారట. క్వార్టరు ఖాళీ చేయాలి. ఒక పాత డాబా ఇల్లు బేరానికి వచ్చింది. పిల్లలేమో దాన్ని కూలగొట్టి కొత్తది కట్టుకుందామంటున్నారు, ఆయనేమో ఉన్నదాన్నే బాగు చేసుకుందామంటున్నారు. “అక్కా, మీ తమ్ముడు గారు ఇట్లాంటి ఇల్లే కొన్నారని విన్నాము. ఎట్ల చేసినారో చెప్పండి” అని అడిగారు. ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

మా తమ్ముడు ముప్పై ఆరేండ్లు బాయిలో పని చేశాడు. ఆ కాలమంతా కంపెనీ క్వార్టర్లలోనే గడిచింది. సున్నం కూడా కంపెనీయే వేయిస్తుంది కనుక ఇంటి గురించి ఆలోచించే పని వానికి ఎన్నడూ పడలేదు. దిగిపోయే నాడు పూలదండ వేశారు, శాలువా కప్పారు, చేతికి డబ్బు వచ్చింది. ఒక మనిషి జీవితంలో అంత డబ్బు ఒక్కసారే చేతికి వస్తుంది. దాని మీద ఎందరి కన్ను ఉంటుందో సింగరేణి కుటుంబాలకు నేను చెప్పనక్కరలేదు. కొడుకు హైదరాబాదులో ఫ్లాటు అన్నాడు. మరదలు కూతురి పెండ్లి అన్నది. బంధువొకాయన వడ్డీకి తిప్పుదామన్నాడు. తమ్ముడు మాత్రం, “అక్కా, నాకు వాకిలి గావాలె. పొద్దున లేస్తే కూసునేటందుకు నాదంటూ ఒక వాకిలి” అన్నాడు.

అట్లా 2023లో మంచిర్యాలలో ఒక ఇల్లు చూశాము. పోర్టికో నెత్తిన సిమెంటుతో పోసిన అంకెలు ఉన్నాయి, 1961 అని. ముందు సాయమాను, దానికి పూల ఆకారపు సిమెంటు జాలీ. కిటికీలకు వెడల్పాటి సన్‌షేడ్లు. నాలుగు అర్రలు, ఎర్ర గచ్చు, పదకొండు అడుగుల ఎత్తున స్లాబు, దాని కింద ప్రతి గోడకూ వెంటిలేటరు. దర్వాజలన్నీ టేకు. వెనుక చేదబావి, ఒక జామచెట్టు. కట్టించినాయన రైల్వేలో గార్డుగా చేసిన క్రైస్తవ పెద్దమనిషి. ఆయన పోయి చాలా కాలమైంది. ఎనభై దాటిన ఆయన భార్య ఒక్కతే ఆ ఇంట్లో ఉండేది.

ఇట్లాంటి ఇండ్లు మన వైపు ఆ కాలంలోనే ఎందుకు లేచినవి? అంతకు ముందు కలిగినవారికి భవంతి, లేనివారికి గుడిసె, నడిమి వారికి గూన పెంకుల ఇల్లు. సింగరేణి బొగ్గు కోసం బెల్లంపల్లి వైపు బావులు తెరిచారు. సిర్పూరు కాగితం మిల్లు 1938లో స్థాపితమై 1942లో కాగితం తీయడం మొదలుపెట్టింది, ఊరి పేరే కాగజ్‌నగర్ అయింది. 1950ల చివరలో మంచిర్యాలలో ఏసీసీ వారి సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. కాజీపేట నుండి బల్లార్షాకు పోయే రైలుదారి ఈ ఊళ్లన్నిటినీ కలిపింది. నెల జీతం తీసుకునే మనుషులు పెరిగారు. సిమెంటు దగ్గరలో, టేకు అడవి పక్కనే. గుమాస్తాలు, టీచర్లు, రైల్వే వాళ్లు మొదటిసారిగా స్లాబు ఇల్లు అనే దాన్ని కట్టుకున్నారు. మా చిన్నతనంలో డాబా ఇల్లు ఉన్నవాళ్లను వేరేగా చూసేవాళ్లము.

మా మేనల్లుడు ఆ ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు ఒక వింత మాట చెప్పాడు. “అత్తమ్మా, ఇది మిడ్ సెంచరీ మోడర్న్. అమెరికాలో ఇట్లాంటివి వెతికి వెతికి కొంటరు” అన్నాడు. నేను నవ్వాను గాని తరువాత చదివి చూస్తే వాడు చెప్పింది అబద్ధం కాదు. రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసిన తరువాత అమెరికాలోను యూరపులోను నగిషీలు మానేసి, సాదా గీతలతో, గాలి వెలుతురు లోపలికి వచ్చేటట్టు ఇండ్లు కట్టారు. కుర్చీల కాళ్లు సన్నబడ్డాయి, చెక్కడపు పువ్వులు పోయాయి. 1984లో కారా గ్రీన్‌బర్గ్ అనే ఆమె వ్రాసిన పుస్తకంతో ఆ పేరు అందరి నోటా నిలిచింది. మన దేశంలో దాని పెద్ద గుర్తు చండీగఢ్. దేశ విభజనలో లాహోరు పోయినందున పంజాబుకు కొత్త రాజధాని కావలసి వచ్చింది. 1951లో లె కార్బూజియే అనే ఆయన ఆ పనికి వచ్చాడు. ఆయన బంధువు పియర్ జానరే అక్కడే ఉండిపోయి ఆఫీసులకు, కాలేజీలకు టేకు కర్ర, పేము అల్లిక కుర్చీలు చేయించాడు. కొన్నేండ్లకు అవి విరిగిన సామానని తుక్కు ధరకు వేలం వేశారు. కొన్నవాళ్లు బాగు చేసి విదేశాలలో లక్షలకు అమ్ముకున్నారు. తీరా 2011లో కేంద్ర ప్రభుత్వం ఆ సామాను బయటికి పోకుండా ఉత్తర్వు ఇచ్చింది.

మన ఊళ్ల మేస్త్రీలకు, వడ్రంగులకు ఈ పేర్లేవీ తెలియవు. సర్కారు ఇంజినీర్లు కట్టిన క్వార్టర్లను, ఆఫీసులను చూసి నేర్చుకున్నారు. అయినా వాళ్లు చేసిన పనిలో మన ఎండ తెలిసిన బుద్ధి ఉన్నది. మంచిర్యాల, రామగుండం వేసవి అంటే నలభై అయిదు డిగ్రీలు. వేడిగాలి పైకి పోతుంది, ఎత్తైన స్లాబు కింద చేరి వెంటిలేటరు గుండా బయటపడుతుంది, కింద కిటికీలో నుండి వేరే గాలి వస్తుంది. సన్‌షేడు వల్ల ఎండ గోడను కొట్టదు. జాలీ వల్ల సాయమానులో నీడా ఉంటుంది, గాలీ ఉంటుంది. ఇప్పుడు కొన్నవాళ్లు మొదట చేసే పని ఏమిటి? పావురాలు వస్తున్నాయని వెంటిలేటర్లు మూస్తారు, జాలీ పగులగొట్టి అద్దం పెడతారు, అందంగా ఉంటుందని రెండడుగులు దించి ఫాల్స్ సీలింగు వేస్తారు. ఆ తరువాత ఏసీ కొంటారు. పావురాలకు సన్న తీగ జాలీ కొడితే సరిపోయేది.

ఇంటి రంగు చూసి మోసపోకుండా మేము మొదట స్లాబు చూశాము. తమ్ముడు ముప్పై ఆరేండ్లు పైకప్పు చప్పుడు విని బ్రతికిన మనిషి. బాయిలో కర్రతో కప్పు మీద తట్టి చప్పుడును బట్టి గట్టిదా బోలుదా చెప్పగలడు. ఇక్కడా అదే చేశాడు. వెదురు కర్ర తీసుకొని ఒక్కొక్క అర్రలో స్లాబును తట్టుకుంటూ పోయాడు. మూడు అర్రలలో గట్టి చప్పుడు. నాలుగో అర్ర, స్నానాల గది పక్కది, బొయ్యిమన్నది. అక్కడ పెచ్చులూడి గోధుమరంగు మరక ఉన్నది. తడి దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందువల్ల చుట్టూ ఉన్న సిమెంటును తోసేస్తుంది. పైన సిమెంటు పూసి రంగు వేస్తే ఏడాది దాగుతుంది, తుప్పు మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. పెచ్చులు పూర్తిగా తీసి, ఇనుమును రుద్ది శుభ్రం చేసి, అరిగిపోయిన చోట కొత్త చువ్వ జోడించి అప్పుడు మళ్లీ పూయాలి. చువ్వలు సగానికి సగం పోతే ఆ అర్ర వరకు స్లాబు తీసి వేయక తప్పదు. మేము ఒక రిటైరయిన ఇంజినీరు గారిని తీసుకుపోయి చూపించాము. ఆయనకు ఇచ్చిన రెండు వేలు ఆ ఇంటి మీద పెట్టిన ఖర్చులన్నిటిలో మంచి ఖర్చు.

ఇసుక మీద ఇల్లు కట్టినవాని సంగతి ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. మన బొగ్గు ప్రాంతంలో మాత్రం బండ మీద కట్టినా చాలదు, ఆ బండ కింద బొగ్గు తీశారా లేదా అని కూడా అడగాలి. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని వైపు కొనేవాళ్లు కిటికీ మూలల నుండి ఏటవాలుగా పోయే పగుళ్లను చూడండి. దగ్గరలో ఓపెన్‌కాస్టు ఉంటే ఎన్నింటికి బ్లాస్టింగు అవుతుందో కనుక్కొని ఆ వేళకు ఇంట్లో నిలబడండి. బావిలో నీళ్లు వేసవిలో ఉంటాయా అని అమ్మేవారిని గాక పక్కింటి ఆడవాళ్లను అడగండి. గోదావరి ఒడ్డు ఊళ్లలో గోడ మీద వరద మరక చూడండి. 2022 జూలైలో గోదావరి, రాళ్లవాగు పొంగి మంచిర్యాలలో కాలనీలు మునిగినవి గదా. మేము చూసిన ఇల్లు మిట్ట మీద ఉంది, నీళ్లు రాలేదు.

ఇక కాగితాలు. ఇక్కడే మా పని ఆగింది.

ఇల్లు గార్డు గారి పేరు మీద ఉంది. ఆయన వీలునామా వ్రాయలేదు. కొడుకులిద్దరు, ఒకరు పూణేలో, ఒకరు హైదరాబాదులో. “అమ్మ, మేమిద్దరం సంతకం పెడతాం, నెలలో రిజిస్ట్రేషను అయిపోవాలె” అన్నారు. తమ్ముడు బయానా డబ్బులు కూడా సిద్ధం చేసుకున్నాడు. కూడికలో ఆ కుటుంబాన్ని ఎరిగిన ఒకామె మాటల్లో అన్నది, “వాళ్లకు బిడ్డ గూడ ఉండె గదా, బల్లార్షాల” అని. నేను పెద్ద కొడుకుకు ఫోను చేసి అడిగాను. “ఆమెకు పెండ్లప్పుడే అన్నీ పెట్టినం టీచరమ్మా, ఆమెకేం సంబంధం లేదు” అన్నాడు. చెడ్డవాడు కాదు. నిజంగానే అట్లా అనుకుంటున్నాడు.

పాఠకులారా, దీన్ని దయచేసి మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మనకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. దాని ప్రకారం క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే భార్యకు మూడో వంతు. మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా. కొడుకని ఎక్కువ లేదు, బిడ్డ అని తక్కువ లేదు, పెండ్లి అయినదా కానిదా అనే ప్రశ్న లేదు. ఈ ఇంటిని తొమ్మిది పాళ్లు అనుకుంటే తల్లికి మూడు, ముగ్గురు పిల్లలకు రెండేసి. అంటే బల్లార్షా బిడ్డ సంతకం లేకుండా కొంటే మా తమ్ముడు తొమ్మిదిలో ఏడు పాళ్ల ఇల్లే కొన్నట్టు. మిగిలిన రెండు పాళ్ల కోసం ఆమె గాని ఆమె పిల్లలు గాని ఎప్పుడైనా కోర్టుకు రావచ్చు. హిందూ కుటుంబం దగ్గర కొన్నా బిడ్డల సంతకం చూసుకోవాలి, 2005 సవరణ తరువాత ఉమ్మడి ఆస్తిలోనూ వారికి కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది.

తమ్మునికి ఇది చెప్పితే తల పట్టుకున్నాడు. “ఆళ్ల ఇంట్ల లొల్లి పెట్టినట్టయితది అక్కా. ఇల్లు చేజారుతది” అన్నాడు. అది కూడా నిజమే. వేరే కొనేవాడు ఒకాయన సంతకాల గురించి ఏమీ అడగకుండా డబ్బు పట్టుకొని తిరుగుతున్నాడని తెలుసు. నాకూ రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. వాని కష్టార్జితం ఒకవైపు, నేను చూడని ఆ ఆడమనిషి ఒకవైపు. చివరికి మేమిద్దరం ఆ పెద్దమ్మ దగ్గరికే పోయి కూర్చున్నాము. తమ్ముడే ఎట్లనో నోరు విప్పాడు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. “నేను అడుగుదామనుకున్న బిడ్డా. కొడుకులు ఏమనుకుంటరో అని ఊకున్న” అన్నది.

కొడుకులకు కోపం వచ్చింది. పది రోజులు ఫోను ఎత్తలేదు. హైదరాబాదులో వాళ్ల వకీలు కూడా మేము చెప్పిన మాటే చెప్పిన తరువాత దారికి వచ్చారు. బిడ్డ బల్లార్షా నుండి రైలులో వచ్చింది, చేతిలో చిన్న సంచి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అన్నలు ఒక బెంచీ మీద, ఆమె ఒక బెంచీ మీద కూర్చున్నారు. వేలిముద్ర వేసి బయటికి వచ్చాక చిన్నన్న పోయి చెల్లెకు చాయ్ తెచ్చిచ్చాడు.

మిగిలిన కాగితాల సంగతి త్వరగా చెప్తాను. ఈసీ తీయించండి. ఇంటర్నెట్టులో 1983 నుండి ఉన్నవే దొరుకుతాయి, పాతవాటికి ఆఫీసులో వెతికించాలి. పాత దస్తావేజుల్లో తాలూకా లక్సెట్టిపేట అని, జిల్లా ఆదిలాబాదు అని ఉంటే కంగారు పడవద్దు, 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. కొన్ని ఉర్దూలో ఉంటాయి, చదివేవారి చేత చదివించుకోండి, ఊహించుకోవద్దు. తెల్ల కాగితం మీది సాదా బైనామా చూపించి “అందరం ఇట్లనే కొన్నం” అంటే నమ్మవద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఊరు ఏజెన్సీ కిందికి వస్తుందా అని తహసీలు కార్యాలయంలో అడగండి. ఉట్నూరు, జైనూరు వంటి చోట్ల 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ, మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అనేది, అమలులో ఉన్నాయి. గిరిజనేతరులు అక్కడ భూమి కొనడం చెల్లదు. చవకగా వచ్చిందని కొని ఉన్నదంతా పోగొట్టుకున్నవారున్నారు. ఆ నేల మీద గోండు కొలాము సోదరుల హక్కు కాపాడడానికే ఆ చట్టం వచ్చింది గనుక దాన్ని తప్పించుకునే ఉపాయాలు నన్ను అడగవద్దు.

ఇప్పుడు ఇంటి సామాను. మా మరదలికి ఇది చదివితే కోపం వస్తుందేమో, అయినా చెప్తాను. చేరక ముందే కరీంనగర్‌లో ఒక దుకాణంలో మూల తిరిగే సోఫా చూసి వాయిదాల మీద తీసుకున్నది. ఆటో ట్రాలీలో వచ్చింది. దర్వాజలో పట్టలేదు. అడ్డం తిప్పారు, నిలువు తిప్పారు, తలుపు రెక్క తీశారు. “గడప కోసేద్దామా అమ్మా?” అన్నాడు హమాలీ. అరవై రెండేండ్ల టేకు గడప! దుకాణం వాళ్లు వాపసు తీసుకోమన్నారు, కొంత పట్టుకొని ఇస్తామన్నారు. పద్ధెనిమిది వేలు నష్టం. టేపు పెట్టి దర్వాజ కొలిచి ఉంటే అయిపోయేది.

ఆ బాధలో ఉండగా పెద్దమ్మ వెనుక అర్ర తాళం ఇచ్చింది. పాత సామాను, కట్టెలకు పనికొస్తే వాడుకోండి అన్నది. తీసి చూస్తే నాలుగు టేకు కుర్చీలు, పేము అల్లిక తెగి ఉన్నవి. గుండ్రని బల్ల ఒకటి, కాళ్లు కిందికి పోనుపోను సన్నబడి కొంచెం బయటికి వాలి ఉన్నవి. పట్టె మంచం. చేతులు పొడుగ్గా ఉండే పడక కుర్చీ. ఒక్క మేకు కనబడదు, అంతా కర్రలో కర్ర దిగిన పని. మేనల్లుడు ఫొటోలు తీసుకొని ఎగిరి గంతేశాడు. తమ్ముడు మాత్రం కుర్చీ కాళ్లు తిరగవేసి చెదలు ఉన్నాయా అని చూశాడు. బల్ల కాలికి ఉన్నాయి, ఆ కాలు మార్చవలసి వచ్చింది.

బాగు చేసిన తీరు ఇది. సోడా నీళ్లతో కడగలేదు, కర్ర నల్లబడుతుంది. తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, గరుకు కాగితంతో పాత వార్నీషు తీశారు. అవిసె నూనె పలుచగా పట్టించి రెండు రోజులు ఆగి మళ్లీ పట్టించారు. టేకు రంగు ఎట్లా లేచిందో చూడాలి. అల్లిక వదులైన కుర్చీకి అడుగు నుండి తడి చేసి ఎండలో పెడితే బిగుసుకున్నది. తెగిన మూడింటికి కొత్త పేము అల్లించాము. కొత్త కర్ర కొనవలసిన చోట రసీదు ఉన్న కర్రే కొన్నాము. అడవిశాఖ ముద్ర లేని టేకు దుంగ రాత్రిపూట చవకగా ఇస్తామనేవాళ్లు మన జిల్లాల్లో ప్రతి ఊరిలో ఉంటారు, విశ్వాసుల ఇండ్లకు కూడా వస్తారు. పరదాలకు సిరిసిల్ల బట్ట తీసుకున్నాము. అంతా కలిపి ఆ సోఫా మీద నష్టపోయిన దానికంటే కొంచెం ఎక్కువయింది.

పాతదని అన్నీ ఉంచుకోవాలని నేననను. వైరింగు మొత్తం తీసివేయించాము. కర్ర బద్దీల మీది పాత తీగలు, ఎర్తింగు లేదు, వాటి మీద ఫ్రిజ్జు, గీజరు వేస్తే ఇల్లే కాలుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్న మరదలికి దొడ్లోని మరుగుదొడ్డి కష్టమని లోపలే ఒకటి కట్టించాము. ఎర్ర గచ్చు మీద టైల్సు వేయాలని ఆమె పట్టుబట్టింది, ఒక అర్రలో వేసుకున్నది. వేసవి వచ్చాక మధ్యాహ్నం నిద్రకు మాత్రం గచ్చు అర్రలోకే వస్తున్నదని తమ్ముడు నాతో రహస్యంగా చెప్పాడు. స్లాబు మీద తెల్ల సున్నం కొట్టించాము. 2023లో మన ప్రభుత్వం కూల్ రూఫ్ విధానమని ఒకటి ప్రకటించింది, తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుందని. మా అమ్మ ఏటా ఉగాదికి ముందు అదే పని చేయించేది.

గృహ ప్రతిష్ఠ ప్రార్థనకు అయ్యగారు, అమ్మగారు, సంఘమంతా వచ్చారు. పెద్దమ్మ కూడా వచ్చింది, ఇప్పుడు బల్లార్షాలో బిడ్డ దగ్గర ఉంటున్నది. కట్టెలకనుకున్న కుర్చీలు సాయమానులో చూసి నిలబడిపోయింది. పడక కుర్చీ చేతిని నిమిరి, “ఆయన డ్యూటీ నుంచి వచ్చి బూట్లు ఇప్పకుంటనే ఇండ్ల ఒరిగెటోడు” అన్నది. తమ్ముడు మరదలి మొహం చూశాడు. ఆమె తల ఊపింది. సాయంత్రం ఆ కుర్చీని గోనెసంచులు చుట్టి, వ్యాను మాట్లాడి, తల్లీబిడ్డలతో పాటు బల్లార్షాకు పంపించారు. ఇప్పుడు తమ్ముడు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చుంటున్నాడు. అట్లాంటి పడక కుర్చీ చేసే వడ్రంగి కోసం వెతుకుతున్నాడు, జన్నారం వైపు ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు.

గోదావరిఖని సహోదరీ, మీ ఇల్లు ఏ సంవత్సరంలో కట్టిందో వ్రాశారు గాని ఏ బాయికి దగ్గరో వ్రాయలేదు. అమ్మేవారికి ఆడబిడ్డలు ఉన్నారేమో కూడా కనుక్కోండి. ఆ రెండు సంగతులు తెలిపితే మీకు విడిగా ఉత్తరం వ్రాస్తాను. బయానా మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.